సచ్చినోళ్ల బట్టలు

హత్నూర,
జూన్ 3, 1994.

పటేల్‌గూడల ఫాన్సీ దుకాణం నడిపే కమలాకుమారికి, హత్నూర నుంచి సత్తెమ్మ రాసేది ఏమంటే—

నీ క్షేమం నేను అడగను. నా క్షేమం నీకు అక్కర లేదు. సక్కగ ముచ్చటకొస్త. నా చీర నాకు పంపు.

ఏ చీర అని అడగకు. వంకాయ రంగు నారాయణపేట చీర, మిరపపండు అంచు. నా లగ్గం నాడు మా నాయన పెట్టింది. పెట్టె అడుగున వేపాకు ఏసి దాసుకున్న. మొన్న మాఘంల తీసి సూస్తే లేదు. ఇంటాయన్ని అడిగితే "ఎలుకలు ఎత్కపొయినయేమో" అన్నడు. చీరకు చీర మింగే ఎలుక ఏ బొక్కల ఉన్నదో తెల్వక నేను ఇల్లంత తవ్విన.

నిన్న మా ఊరి గాజుల షాహజాదీ నడుముకు కొత్త బటువా కట్టుకొని వచ్చింది. గదే, దారం గుంజితే మూతి ముడుసుకునే సంచి. దాని మీద నా అంచు ఉన్నది. గుంజుకొని లోపలి మడత ఇప్పి సూసిన. మా సాకలి పోచయ్య జీడిరసంతోటి పెట్టిన గుర్తు, రెండు సుక్కలు ఒక అడ్డగీత, చెక్కు చెదరకుంట ఉన్నది. అది మా ఇంటి గుర్తు. ఏడ కొన్నవే అంటే నీ దుకాణం చెప్పింది. "సాయంత్రం పూట ఆ దుకాణంల మీ కామరాజు చిలకపచ్చ సఫారీ ఏసుకొని కుర్చీల కూసుంటడు, నన్ను సూసి మొఖం తిప్పుకున్నడు" అని సుత చెప్పింది.

ఇగ నాకు అంతా సమజైంది. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల డ్యూటీ మీద డ్యూటీ అని నెలకొక్కపారి ఇంటికొచ్చేటాయన ఏడ ఉంటున్నడో తెలిసింది. ఉంచుకో. మొగుణ్ణి ఉంచుకో, నాకేం ఫరక్ పడదు. చీర పంపు. షాహజాదీ సరుకు కోసం వారం వారం మీ పక్కనున్న పటాన్‌చెరుకు వస్తది, దాని చేతికియ్యి. ఇయ్యకపోతే నేనే వచ్చి నీ దుకాణం ముంగట నిలబడి బజారంత ఇనబడేటట్టు అడుగుత.

సత్తెమ్మ


పటేల్‌గూడ,
జూన్ 9, 1994.

అమ్మా,

మీ ఉత్తరం అందింది. మీరెవరో, ఎవరు రాయించారో తెలియదు కానీ, చనిపోయిన మనిషి పేరుతో ఉత్తరం రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి?

కామరాజు గారి మొదటి భార్య సత్తెమ్మ గారు రెండేళ్ల క్రితం పచ్చకామెర్లతో కాలం చేశారు. ఈ సంగతి నాకే కాదు, ఆయన ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఆమె పేరు మీద గేటు దగ్గర అందరూ నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటారు. యూనియన్ ఎన్నికల్లో ఆయన మీద నిలబడ్డవాళ్లెవరో ఈ పని చేయించారని నా అనుమానం. మనసు పాడుచేయడం ఎందుకని ఆయనకు మీ ఉత్తరం చూపించలేదు.

చీర సంగతి నాకేమీ తెలియదు. దయచేసి ఇంకెప్పుడూ రాయకండి.

కె. కమలాకుమారి


హత్నూర,
జూన్ 15, 1994.

కమలాకుమారికి, సచ్చిపోయిన సత్తెమ్మ రాసేది—

నీ ఉత్తరం మా అత్త రాజవ్వకు సదివి ఇనిపించిన. ముసల్ది "నన్ను సుత సంపిండేమో అడుగు బిడ్డా" అన్నది. కన్నతల్లి అన్న మాట ఇది.

నాకు పసిరికలు వచ్చినయంట! నాకు తెల్వకుంట నాకు పసిరికలొచ్చి, నాకు తెల్వకుంట నేను సచ్చిపోయి, నా కోసం ఫ్యాక్టరోళ్లు నిలబడి మౌనం పాటించిండ్రంట. ఆ రెండు నిమిషాలు నేను ఏం చేస్తుంటినో అని ఆలోచన చేస్తున్న. మిరపచేన్ల కలుపు తీస్తుంటినేమో. లేకుంటే వాని అంగీలే ఉతుకుతుంటినేమో.

నమ్మవు గద. ఇను. ఆయన ఎడమ తొడ మీద కుక్క కరిసిన మచ్చ ఉన్నది. పక్కల దిండు లేకుంటే నిద్ర పట్టదు. ఏ కూరైన గాని పచ్చి ఉల్లిగడ్డ కొరకంది బువ్వ దిగదు. మొన్న ఐతారం ఇక్కడికొచ్చి, సచ్చిపోయిన మనిషి వండిన నాటుకోడి కూర తిని, త్రేపుకుంట బస్సెక్కిండు. నీకేం చెప్పిండు? ఓవర్‌టైము అన్నడు గద?

చీర పోయిందని కోపమొచ్చె. ఇప్పుడు ఆ కోపం పిల్లది, దీనికి తల్లి ఇంకొకటి పుట్టింది. చీరను ఎత్కపోతే దొంగ. బతికున్నదాన్ని సంపి, దాని పేరు మీద పదిమందిని ఏడిపిచ్చినోన్ని ఏమంటరో నువ్వే చెప్పు.

చీర తెల్వదని రాసినవు. అది అబద్ధం. ఆ బటువా నీ చేతితోటి కుట్టింది. నిజం రాయి.

సత్తెమ్మ


పటేల్‌గూడ,
జూన్ 24, 1994.

సత్తెమ్మ అక్కకు కమల నమస్కరించి రాయునది.

ఉల్లిపాయ దగ్గరకు వచ్చేసరికే నమ్మాను అక్కా. అయినా మనసు ఊరుకోక, ఆ ఆదివారం ఎక్కడికెళ్లారని ఆయన్ని అడిగాను. "ఓవర్‌టైము" అన్నారు. మీ ఉత్తరంలో ఉన్న మాటే, పొల్లు పోకుండా. వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నాది గుంటూరు వైపు. మా ఆయన ఇక్కడ పెద్ద ఫ్యాక్టరీలో వెల్డరుగా చేరితే వెంట వచ్చాను. జ్వరం వచ్చి పోయారు. ఊరికి తిరిగి వెళ్లే మొహం లేక ఈ కొట్టు పెట్టుకున్నాను. కామరాజు గారు రిబ్బన్లు కొనడానికి వచ్చేవారు. ఎవరికని అడిగితే, "ఎవరూ లేరు, ఊరికే కొంటున్నా, మా ఆవిడ ఉన్నప్పటి అలవాటు" అన్నారు. నేను కరిగిపోయాను. గుళ్లో దండలు మార్చుకున్నాం.

చీర ఆయనే తెచ్చారు. మీ గుర్తుగా ఉంచుకోమన్నారు. చనిపోయిన మనిషి చీర కట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. పారేద్దామంటే చేయి రాలేదు, అంత బాగుంది. అందుకని కత్తిరించాను. బటువాలు కుట్టాను. జడ రబ్బరు బ్యాండ్లకు తొడుగులు, నడుముకు బెల్టులు, అద్దాలు పొదిగిన చిన్న పర్సులు చేశాను. కాలేజీ అమ్మాయిలు ఎగబడి కొన్నారు. ఆ రెండు చుక్కల గుర్తు నేసిన వాళ్ల ముద్ర అనుకున్నాను. అసలైన నారాయణపేట సరుకని తెలియాలని, అది పోకుండా లోపలి మడతలో జాగ్రత్తగా దాచి కుట్టాను. చాకలి గుర్తని నాకెలా తెలుస్తుంది అక్కా?

కొంగులో జానెడు ముక్క మిగిలింది. షాహజాదీ గారి చేత పంపుతున్నాను. క్షమించమని అడగను, ఆ అర్హత నాకు లేదు.

కమల


హత్నూర,
జూన్ 30, 1994.

కమలాకుమారికి,

అక్కా అని రాసినవు. రాసిన కాడల్లా కొట్టేసి మల్ల సదివిన. తొవ్వల పోయే ఏ ఆడిదైనా నన్ను అక్కా అనొచ్చు. నువ్వు మాత్రం అనొద్దు. చిన్న పెండ్లాం పెద్ద పెండ్లాన్ని పిలిసే పిలుపు అది. నువ్వు అక్కా అంటే నేను సవతినని ఒప్పుకున్నట్టు. గా పిలుపు నాకొద్దు.

ముక్క అందింది. దండెం మీద ఏసి, దాని కింద కూసున్న. నువ్వు కుట్టిన బటువాను సుత ఇప్పి, తిప్పి సూసిన. నీ చెయ్యి మంచిది. అది చెప్పాలె గనక చెప్తున్న.

వానికి బట్టలంటే పానం. అంగి మీద ముడత పడితే బువ్వ తినడు. చిలకపచ్చ సఫారీ కుట్టిచ్చుకున్న నాడు ఊరంత రెండు సుట్లు తిరిగిండు, ఎవరూ పిలువకముందే ఆగి ఏందని అడిగిండు. నా చీరను ముక్కలు చేపిచ్చినోని బట్టలు నేను ముక్కలు చేస్త. నాకు కుట్టుమిషిన్ ఉన్నది, ఊరోళ్ల రవికెలు కుట్టే బతుకుతున్న. ఆ బట్టలు నీ ఇంట్ల ఉన్నయి. వారం వారం కొన్ని కొన్ని షాహజాదీ గాజుల గంపల అడుగున పెట్టి పంపు. అడిగితే వానలకు ఆరుతలేవు, ఇస్త్రీకి పోయినయి అని చెప్పు. ఎన్నికలు ఎప్పుడో రాయి.

వానికి ఒక్క ముక్క చెప్పినవో, నేను నిజంగనే దయ్యమై వస్త.

సత్తెమ్మ


పటేల్‌గూడ,
జులై 8, 1994.

సత్తెమ్మ గారికి,

మీరు వద్దన్నారు కాబట్టి గారు అనే రాస్తున్నాను.

మీరు చెప్పిన పని నా వల్ల కాదు. మీకు చేను ఉంది, మిషను ఉంది, మీ వైపు మాట్లాడే అత్తగారు ఉన్నారు. నాకు ఈ కొట్టు తప్ప ఇంకేముంది? ఈ గది కూడా కామరాజు మొహం చూసే ఇచ్చారు. బోర్డు మీద కింద ఆయన పేరు రాసి ఉంటుంది. అది ఉన్నంత కాలం వీధిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మగదిక్కు లేని కొట్టు ముందు సాయంత్రాలు ఎవరెవరు నిలబడతారో నేను ఒకసారి చూశాను. మళ్లీ చూడలేను.

నిన్న మల్లెపూలు తెచ్చారు. నన్నే పెట్టుకోమని నిలబడ్డారు. అడగాలనుకున్నది అడగలేకపోయాను. మీకు కోపం వస్తుందని తెలుసు. వదిలేయండి.

ఎన్నికల గేటు మీటింగు ఈ నెల ఇరవై ఎనిమిదిన, షిఫ్టు మారేటప్పుడు. మీరు అడిగారని చెబుతున్నాను, అంతే.

కమల


హత్నూర,
జులై 12, 1994.

కమలాకుమారికి,

నీ పూలు నువ్వు పెట్టుకో.

ఒక్కటే అడుగుత. నాకు పసిరికలు వచ్చినయి. రేపు మూడోదాని దుకాణంల రిబ్బన్లు కొనుక్కుంట, నీకేమొచ్చి పోయినవని చెప్తడు? లారీ కింద పడ్డవంటడా, గుండె ఆగిందంటడా? ఏది మంచిగుంటదో ఇప్పుడే చెప్పి పెట్టుకో.

సత్తెమ్మ


పటేల్‌గూడ,
జులై 16, 1994.

సత్తెమ్మ గారికి,

పోయిన మా ఆయన స్వెట్టరు ఒకటి ఉండేది. ఊదారంగు, నేను అల్లింది. ఎడమ చేతి దగ్గర ఒక వరస తప్పు పోయింది. ఆయన వస్తువుల్లో అదొక్కటే దాచుకున్నాను. నిన్న వాన కదా, చెమ్మ తగులుతుందేమోనని పెట్టె తీశాను. లేదు.

కామరాజుని అడిగాను. "ఎలుకలేమో" అన్నాడు.

ఎలుకలు! మీకు చెప్పిన మాటే. నాకు కొత్త అబద్ధం కూడా ఖర్చుపెట్టలేదు.

సాయంత్రం యూనియన్ ప్రెసిడెంటు వానలో తడుస్తూ కొట్టు ముందు స్కూటరు ఆపాడు. ఒంటి మీద ఊదారంగు స్వెట్టరు. ఎడమ చేతి దగ్గర నా తప్పు వరస. "కామన్న కానుకమ్మా, భలే వెచ్చగా ఉంది" అన్నాడు. నేను నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలియదు.

కత్తెర సాన పట్టించాను. మొదటి మూట షాహజాదీ గారి గంపలో ఉంది. చిలకపచ్చ సఫారీ అడుగున పెట్టాను, మీటింగుకి అదే వేసుకుంటానని నాలుగుసార్లు చెప్పాడు. మిగతావి ఆమె మళ్లీ సరుకుకి వచ్చినప్పుడు పంపుతాను. అన్నీ వాడుకోవచ్చు కానీ కాలర్లు దేనికి పనికొస్తాయో నాకు తోచలేదు. మీరే చెప్పండి.

కమల


హత్నూర,
జులై 22, 1994.

కమలా,

మూటలన్నీ అందినయి. స్వెట్టరు ముచ్చట సదివి నేను నిన్ను తిట్టిన తిట్లు ఎనుకకు తీసుకున్న. పూల మీద తిట్టినవి మాత్రం ఉంచిన.

ప్యాంటును మోకాలి కాడ కోసి అడుగు కుట్టేస్తే, ఒక్కొక్క కాలుకు ఒక్కొక్క టిఫిను సంచి. నడుం పట్టీ పిడికి సరిపోయింది. అంగి ముందు భాగం కీసతోని సహా ఉంచి భుజానికేసుకునే సంచి కుట్టిన. కీస అంటే మీ దిక్కు జేబు. ఫ్యాక్టరీ పాసు అండ్ల పెట్టుకోవచ్చు. చేతులు మొఖం తుడుసుకునే దస్తీలైనయి. మా లగ్గం నాటి ధోవతి ఒకటి నా దగ్గరుంటే దాన్ని సుత విడువలే, నెత్తి మీద తట్ట కింద పెట్టే సుట్టబట్టలు చేసిన. జిప్పులు నీకు పంపుతున్న, నీ పర్సులకు పనికొస్తయి.

కాలర్లు అడిగినవు. నాలుగు నాలుగు దొంతర పెట్టి గట్టిగ కుట్టి మసిబట్టలు చేసిన, పొయ్యి మీది గిన్నె దించెతందుకు. ఎగరేసుకొని తిరిగిన కాలరు గద, ఇగ మసి పూసుకోని!

సఫారీని మాత్రం సన్నగ కొయ్యలే. పెద్ద పెద్ద సంచులు చేసిన. దూరం నుంచి గుర్తువట్టాలె. అత్త పక్కన కూసొని దారాలు గుంజుతున్నది. సూదిల దారం ఎక్కదు గని కొడుకును తిట్టుడు ఆగుతలేదు.

ఇరవై ఎనిమిది నాడు నువ్వు రాకు. దుకాణంలనే ఉండు. ఇది నా దినాల పని, నేనే చేసుకుంట.

సత్తెమ్మ


హత్నూర,
జులై 29, 1994.

కమలా,

ముందు నీకే రాయాలె.

షాహజాదీ, నేను మూటలు పట్టుకొని గేటు ముంగట చాయ్ డబ్బా పక్కన గోనె పరిసినం. "టిఫిను సంచులు! ఊరికే! ఊరికే!" అని అది గాజులమ్మే గొంతుతోటి ఒర్రింది. ఊరికే అంటే ఎవరు వద్దంటరు? షిఫ్టు దిగినోళ్లు, ఎక్కేటోళ్లు ఎగబడ్డరు. బీహారు పిలగాండ్లు "భాభీ, ఏక్ ఔర్ దేదో", వదినా ఇంకొకటియ్యి అనుకుంట గుంజుకున్నరు. అందరు డబ్బాలు అండ్ల పెట్టుకొని, భుజాలకు తగిలిచ్చుకొని మీటింగుల నిలబడ్డరు. నేను కొంగు మొఖం మీదికి గుంజుకొని కూసున్న.

వాడు వచ్చిండు. నీ ఇస్త్రీ బట్టలు రాకపాయె, ఫ్యాక్టరీ మందుల మరకలున్న డ్యూటీ డ్రెస్సుల వచ్చిండు. స్టూలు ఎక్కి మైకు పట్టుకొని "కార్మిక సోదరులారా" అన్నడు. ముంగటి వరుసల ఒక పిలగాని భుజాన చిలకపచ్చ సంచి కనబడ్డది. ఆగిండు. పక్కోని చేతిల తన బిస్కెట్ రంగు ప్యాంటు కాలు. ఆ వెనకాల తన గీతల అంగి, కీసల ఎవనిదో పాసు. "సోదరులారా" అని మల్ల అన్నడు. ఇగ ముంగటికి పోలే.

"కామన్నా, గిది నీ సఫారీ గాదే? మే డే నాడు ఏసుకున్నవు!" అని ఎవరో ఒర్రిండ్రు. నవ్వులు మొదలైనయి. ఎవలిస్తున్నరు, ఎవలిస్తున్నరు అని అందరు నా దిక్కు తిరిగిండ్రు. నేను లేసి నిలబడి కొంగు తీసిన.

"నేను సత్తెమ్మను. కామరాజు పెండ్లాన్ని. రెండేండ్ల కింద పసిరికలొచ్చి సచ్చిపోయిన సత్తెమ్మను" అన్న.

నవ్వులు ఆగిపోయినయి. "మీరు నా కోసం రెండు నిమిషాలు నిలబడ్డరంట. మీ కడుపు సల్లగుండ. అప్పుడు నేను ఇక్కడ లేకుంటి. ఇయ్యాల ఇంకొక్కపారి నిలబడుండ్రి, నేను సూస్త" అన్న.

అందరు అట్లనే నిలబడ్డరు, కమలా. లోపట మిషిన్ల సప్పుడు తప్ప ఇంకోటి లేదు. నేను వాన్ని సూసిన. వాడు మైకును సూసిండు. అందరు నన్ను సూసి వాన్ని సూసిండ్రు. ఒక పెద్దమనిషి, ఆపరేటరంట, టోపీ తీసి "నీ కోసం నేను ఏడ్సిన చెల్లె" అన్నడు. నాకు గప్పుడు ఏడ్పొచ్చింది. నిజంగనే నా దినాలకు పోయినట్టు అనిపిచ్చింది. కోపం మాత్రం పోలే, అది నన్ను నిలబెట్టింది.

"ఈ బట్టలు ఎందుకు పంచుతున్నవమ్మా?" అని ఆయనే అడిగిండు. "సచ్చినోళ్ల బట్టలు ఇంట్ల ఉంచుకోరు గద అన్నా" అన్న. నెత్తిన కుండ పగిలినట్టు వానికి గప్పుడు సమజైంది. స్టూలు దిగబోయి స్టూలుతో సహా పడ్డడు. ప్రెసిడెంటు మైకు గుంజుకొని "కామరాజు పోటీల లేడు" అన్నడు.

వానలకని ప్రెసిడెంటు ఊదారంగు స్వెట్టరు ఏసుకొని ఉన్నడు. సక్కగ ఆయన కాడికి పోయి "ఇప్పు" అన్న. "నేను అడిగి తీసుకోలేదమ్మా, వాడే ఇచ్చిండు" అన్నడు. "నా చీర సుత వాడే ఇచ్చిండు. ఇప్పు" అన్న. అందరి ముంగట ఇప్పిండు. ఎడమ చెయ్యి సూసిన. తప్పు వరుస ఉన్నది.

నా చీర ఇగ రాదు. నీదన్న రానీ అనుకున్న. షాహజాదీ చేత పంపుతున్న.

సత్తెమ్మ


పటేల్‌గూడ,
ఆగస్టు 4, 1994.

సత్తెమ్మ గారికి,

స్వెట్టరు అందింది. ఆ ప్రెసిడెంటు తలనూనె వాసన వస్తోంది. రెండుసార్లు ఉతికి, నీడలో ఆరేసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది రాస్తాను.

ఆ సాయంత్రం అతను వచ్చాడు. డ్యూటీ డ్రెస్ మోకాలి దగ్గర చిరిగింది. నిలువెల్లా తడిసి, మెట్ల కింద నిలబడి, "కమలా, ఒక చొక్కా ఇవ్వు" అన్నాడు. షాహజాదీ గారు అప్పటికే వచ్చి గేటు దగ్గర సంగతంతా చెప్పారు. నా నోటికి మీ మాటే వచ్చింది.

"చనిపోయిన వాళ్ల బట్టలు మేం ఇంట్లో ఉంచుకోం" అన్నాను.

"నేనేం చచ్చానా?" అని అరిచాడు.

"పచ్చకామెర్లు. రెండేళ్లయింది" అన్నాను.

షట్టరు కిందికి లాగాను. చాలాసేపు బాదాడు. గది ఇచ్చిన పెద్దాయన మేడ మీద నుంచి అంతా చూశాడు. మర్నాడు పొద్దున్నే ఆయన కిందికి వస్తుంటే ఖాళీ చేయమంటాడనుకున్నాను. "బోర్డు మీద ఆ పేరు తీయించమ్మా, చూడలేకపోతున్నా" అని పాలకు వెళ్లిపోయాడు. నేనే స్టూలెక్కి రంగు పూశాను.

కాలేజీ అమ్మాయిలను అడిగి అడిగి, మీ అంచుతో కుట్టిన బెల్టు ఒకటి, జడ బ్యాండు ఒకటి వెనక్కి తెచ్చాను. ఇంతే దొరికాయి. పంపుతున్నాను. అతను మీ దగ్గరకే వస్తాడు. జాగ్రత్త.

కమల


హత్నూర,
ఆగస్టు 10, 1994.

చెల్లె కమలకు,

బెల్టు, బ్యాండు అందినయి. కొంగు ముక్క, బటువా, ఇవి కలిపి దండెం మీద పరిసిన. చీర కాదు అది. ఆ కడుపుమంట నాకు ఉంటది, వాన్ని ఎన్నిమార్లు సంపినా ఉంటది.

వాడు వచ్చిండు. నేను మిషిన్ మీదికెల్లి లేవలే. మా అత్త గడపల అడ్డం నిలబడ్డది. "అవ్వా, తొడుక్కునేతందుకు ఏమన్న ఉంటే ఇయ్యి" అన్నడు. ముసల్ది లోపటికి పోయి, మసిబట్ట తెచ్చి వాని చేతుల పెట్టింది. "ఇగో బిడ్డా, నీ కాలర్లు. అంగి నువ్వు కుట్టిచ్చుకో" అని తలుపేసింది. ఆనక పొయ్యి కాడ కూసొని ఏడ్సింది. కన్నది గద. నేను సుత పక్కన కూసున్న, వద్దనలే.

నీ పర్సులకు నేను మిషిన్ కుట్టు ఏస్త, మూతి దారాలు నువ్వు ఎక్కియ్యి. ఊర్ల ఇండ్లండ్ల పాత చీరలు బొచ్చెడు ఉన్నయి. అడిగే తెస్త. మొగోళ్లు ఇంట్ల ఆడోళ్లకు తెల్వకుంట ఇచ్చినవి మాత్రం తీసుకోను.

ఇంకొక్కటి. ఆ గారు రాసుడు బంద్ చెయ్యి, సదువుతుంటే పంటికింద రాయి పడ్డట్టున్నది. ఆ పిలుపు ఎందుకొద్దన్ననో నీకు యాదికున్నది గద. ఇగ మన నడుమ మొగుడు లేడు. ఇప్పుడు అక్కా అని రాయి.

నీ అక్క,
సత్తెమ్మ